స్వీట్ల డబ్బాతో వచ్చినవాళ్లు

తెనాలి

చిరంజీవి బుజ్జమ్మకు,

నీ ఉత్తరం బుధవారం చేరింది. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా నాలుగు పేజీలు చేత్తో రాశావు, ముందు అందుకు నిన్ను మెచ్చుకోవాలి. మీ పెద్దమ్మ నాతో చదివించుకుని వింది. తలకు దెబ్బ తగిలిన చిట్టెలుక, నీ మందు పడ్డాక తొట్టెలో ఈదుకుంటూ వెళ్లి, నీళ్ల అడుగున కనపడకుండా పెట్టిన ప్లాట్‌ఫాం ఎక్కి నిలబడిందని రాశావే, అక్కడ మళ్లీ చదవమంది. "మన బుజ్జి చేతి మందే!" అని కళ్లు తుడుచుకుంది.

నాకూ కడుపు నిండింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తలకు దెబ్బ తగిలినవాళ్ల మెదడు కణాలను కాపాడే మందు కోసం నువ్వు బయల్దేరావు. ఆ దారిలో నేను ముప్పై ఏళ్లు వార్డులో నడిచాను, మందు కనిపెట్టేవాడిగా కాదు, ఇచ్చేవాడిగా. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. అది నీకు చెప్పాలి.

1998 ఎండాకాలం. అప్పుడు నేను పనిచేసే ఆసుపత్రికి ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి తెచ్చారు. పొలం నుంచి మోపెడ్ మీద వస్తుంటే గేదె అడ్డం వచ్చిందట. కళ్లు తెరవడు. కనుబొమ్మ మీద బొటనవేలితో గట్టిగా నొక్కితే చెయ్యి వెనక్కి లాక్కుంటాడు, మూలుగుతాడు, అంతే. స్పృహను కొలిచే గ్లాస్గో స్కోరు ఏడు. కంటిపాపలు రెండూ సమానంగా ఉన్నాయి, టార్చి వేస్తే కదులుతున్నాయి. ఆపరేషన్ చేసి తియ్యాల్సిన రక్తపు గడ్డ స్కాన్‌లో లేదు. మెదడు వాపు మాత్రం ఉంది. అప్పట్లో మేమందరం చేసేదే నేనూ చేశాను. కేస్ షీట్ మీద డెక్సామెథసోన్ రాశాను. ముందు ఎనిమిది మిల్లీగ్రాములు, తర్వాత ఆరు గంటలకోసారి నాలుగు.

స్టాకు లేక మందు బయట కొనమన్నాం. వాళ్లమ్మ కొని తెచ్చేది. ఇంజెక్షన్ చేశాక ఖాళీ వయల్‌ను సిస్టర్ పారెయ్యబోతే అడిగి తీసుకునేది. చీరల కొట్టువాళ్లిచ్చిన పసుపుపచ్చ కవరొకటి మంచం కోడుకు కట్టి, అందులో వేసేది. రోజూ నేను రౌండ్స్‌కి వెళ్లగానే ఆ కవరు విప్పి చూపించేది. "ఇన్ని చేయించాను బాబూ. ఇంకా ఖరీదైన మందేదన్నా ఉంటే రాయండి. అప్పు పుడుతుంది." గాజు బుడ్లు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యేవి. లెక్క ఎంత పెరిగితే కొడుకు అంత దగ్గరికి వస్తున్నాడని ఆ తల్లి నమ్మకం. నిజం చెప్పాలంటే నా నమ్మకమూ అదే.

పదకొండో రోజు ఆ కుర్రాడు పోయాడు. జ్వరం వచ్చింది, ఊపిరితిత్తులు పాడయ్యాయి. వాళ్లమ్మ కవరు విప్పుకుని చేత్తో పట్టుకుని వెళ్లింది.

ఆ మందు మేం ఊరికే ఇవ్వలేదు తల్లీ. 1961లో అమెరికాలో మెదడు గడ్డలున్న రోగులకు డెక్సామెథసోన్ ఇస్తే చుట్టూ ఉన్న వాపు దిగి, మంచం పట్టినవాళ్లు లేచి కూర్చున్నారు. అది నేనూ కళ్లారా చూశాను, ఇప్పటికీ గడ్డ వాపుకు దానికి మించింది లేదు. గడ్డ వాపు దిగితే దెబ్బ వాపు దిగదా అనుకున్నాం. పుస్తకాలు అలాగే రాశాయి, మా ప్రొఫెసర్లు అలాగే చెప్పారు, మేం మా తర్వాతివాళ్లకు అలాగే చెప్పాం. చిన్నచిన్న పరీక్షలు జరిగాయి. కొన్నింటిలో మేలన్నారు, కొన్నింటిలో లేదన్నారు. ఏదీ తేల్చి చెప్పేంత పెద్దది కాదు.

తేల్చింది క్రాష్ అనే పరీక్ష. లండన్‌లోని స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌కు చెందిన ఇయాన్ రాబర్ట్స్, ఆయన బృందం నడిపారు. ఇరవై వేల మంది రోగులను చేర్చాలని మొదలుపెట్టారు. సగం మందికి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, నలభై ఎనిమిది గంటలు. సగం మందికి ఉత్తుత్తి మందు. ఏ సీసాలో ఏముందో ఎక్కించే డాక్టరుకు కూడా తెలియదు. 2004 మేలో మధ్యలోనే ఆపేశారు. అప్పటికి 49 దేశాల్లో 239 ఆసుపత్రుల నుంచి 10,008 మంది చేరారు. రెండు వారాల్లో చనిపోయినవాళ్లు ఉత్తుత్తి మందు పడ్డవాళ్లలో నూటికి 17.9, స్టెరాయిడ్ పడ్డవాళ్లలో 21.1. ఆరు నెలల తర్వాత లెక్కేసినా ఆ తేడా అలాగే ఉంది.

అంటే నూటికి ముగ్గురు ఎక్కువ. మేం ప్రాణం పోస్తుందనుకున్న మందు, నూటికి ముగ్గుర్ని అదనంగా తీసుకెళ్లింది.

లాన్సెట్‌లో వచ్చిన ఆ వ్యాసం జిరాక్సు కాపీ నా చేతికి ఒక సాయంత్రం వచ్చింది. ఓపీ గదిలో తలుపేసుకుని చదివాను. వాళ్లిచ్చింది వేరే స్టెరాయిడ్, మోతాదు చాలా ఎక్కువ, మేమిచ్చింది తక్కువ. ఆ తేడా పట్టుకుని నన్ను నేను ఓదార్చుకోవచ్చు. కొన్నాళ్లు ఓదార్చుకున్నాను కూడా. కానీ మా మోతాదు మేలు చేసిందని చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏముంది? ఆ కుర్రాణ్ణి మందే తీసుకెళ్లిందని అనలేను, కాదనీ అనలేను. పసుపుపచ్చ కవరులో బుడ్ల చప్పుడు మాత్రం అప్పుడప్పుడు వినపడుతుంది.

అప్పటికి ఇరవై ఏళ్లుగా రోజూ వార్డులో ఉన్నవాణ్ణి, నూటికి ముగ్గురు ఎక్కువ పోతుంటే నా కంటికి ఎందుకు కనపడలేదు? దీన్ని చాలాకాలం ఆలోచించాను. కనపడదు బుజ్జీ. ఎవరి కంటికీ కనపడదు. ఏడాదికి నా చేతి మీదుగా వెళ్లే తల దెబ్బల కేసులు ఓ రెండొందలు. ఒక నెల ఎక్కువ మంది పోతారు, ఒక నెల తక్కువ. తాగి పడ్డవాళ్లు, లారీ గుద్దినవాళ్లు, తాటిచెట్టు మీంచి జారినవాళ్లు. ఆ కలగాపులగంలో ముగ్గురి లెక్క ఎక్కడ దొరుకుతుంది? పైగా బతికినవాళ్లు ఆర్నెల్లకో ఏడాదికో స్వీట్ల డబ్బా పట్టుకుని ఇంటికి వస్తారు, కాళ్లకు దణ్ణం పెడతారు. "మీరిచ్చిన మందే సార్" అంటారు. పోయినవాళ్ల మనుషులు మళ్లీ గుమ్మం తొక్కరు. ముప్పై ఏళ్లలో నా ఇంటికి వచ్చిన డబ్బాలు గుర్తున్నాయి. రానివి ఎన్నో నాకు తెలియదు. నా అనుభవం అని నేను చెప్పుకున్నదంతా వచ్చిన డబ్బాల మీద కట్టుకున్నదే.

ఆ తర్వాత నీ చిట్టెలుకల్లాంటివాటి మీద గెలిచి, మనుషుల దగ్గరికి వచ్చి ఓడిపోయిన మందులు వరసగా చూశాను. ప్రొజెస్టిరాన్ కథ నీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను, ఎందుకంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. డొనాల్డ్ స్టైన్ అనే శాస్త్రవేత్త మెదడు దెబ్బ తిన్న ఎలుకల్లో ఆడవి మగవాటికంటే బాగా కోలుకోవడం గమనించాడు. దాని వెనక ఉన్నది ప్రొజెస్టిరాన్ అని పట్టుకోవడానికి జీవితమే పెట్టాడు. ల్యాబు తర్వాత ల్యాబులో ఎలుకలు బాగుపడ్డాయి. మనుషుల మీద చిన్న పరీక్షలు రెండు, ఒకటి అమెరికాలో నూరు మందితో, ఇంకొకటి చైనాలో 159 మందితో. రెండింటిలోనూ ఆశ కనపడింది. ఇక వచ్చేసిందనుకున్నాం. 2014లో రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఒకదానిలో 882 మంది, ఒకదానిలో 1,195 మంది. మందు పడ్డవాళ్లకూ పడనివాళ్లకూ తేడా లేదు. ఆయన నిజాయితీలో లోపం లేదు, కష్టంలో లోపం లేదు. అయినా అంతే.

మెగ్నీషియమూ అలాగే తేలిపోయింది. ఎరిత్రోపోయిటిన్ అంతే, ఒళ్లు చల్లబరిచే వైద్యం అంతే. ఆల్బుమిన్ ఎక్కించడం మామూలు సెలైన్‌కంటే చెడ్డదని తేలింది. సిటికోలిన్‌ను అమెరికాలో 1,213 మంది మీద చూశారు, 2012లో ఫలితం చెప్పారు, ఉపయోగం కనపడలేదు. అయినా మన ఊళ్ల మందుల చీటీల మీద అది ఇవాళ్టికీ ఉంటుంది. "మెదడుకు బలం ఇంజెక్షన్" అంటారు జనం. ఆ చీటీ చేతికి రాగానే చెవులవి తీసి తాకట్టు పెట్టే ఆడవాళ్లను నేను చూశాను. రాసే డాక్టరు చెడ్డవాడని కాదు. ఏమీ రాయకుండా చేతులు కట్టుకుని ఆ తల్లి ముందు నిలబడడం కష్టం, అందుకు రాస్తాడు. నేనూ రాశాను కదా.

ఇదంతా నిన్ను నిరుత్సాహపరచడానికి కాదు. మొదటి దెబ్బను ఎవరూ వెనక్కి తియ్యలేరు, తెగిన నరం తెగినట్టే. కానీ చచ్చే కణాలన్నీ ఆ క్షణంలోనే చావవు. గంటల తరబడి, రోజుల తరబడి చస్తూనే ఉంటాయి. గ్లూటమేట్ పొంగిపొర్లుతుంది, కాల్షియం కణాల్లోకి చొరబడుతుంది, మైటోకాండ్రియా ఆరిపోతుంది, వాపు మొదలవుతుంది. మూత బిగించిన పాత్ర లాంటి పుర్రెలో వాచిన మెదడుకు చోటుండదు. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. ఆ గంటల్లో అడ్డుపడగల మందు ఉండి తీరాలనే నేనూ నమ్ముతాను. మరి ఎలుకకు పనిచేసింది మనిషికి ఎందుకు పనిచెయ్యడం లేదు?

నీ ఎలుకలన్నీ ఒక ఈడువి, ఒక జాతివి, ఒకే తిండి తిన్నవి. మత్తిచ్చి, మెషీన్‌తో, ఒకే చోట, ఒకే లోతున దెబ్బ కొట్టావు. గంటలోపే మందు ఇచ్చావని రాశావు. ఇక మా వార్డుకు వచ్చేవాణ్ణి చూడు. అరవై అయిదేళ్ల పెద్దాయన, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటాడు, బాత్‌రూంలో జారాడు. పక్క మంచం మీద కాలేజీ కుర్రాడు. ఒకరికి రక్తపు గడ్డ, ఒకరికి మెదడంతా కుదిలి నరాలు సాగిపోయాయి. ఇద్దరి కేస్ షీట్ మీదా "హెడ్ ఇంజురీ" అనే రాస్తాం. ఒకరు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గంట, చిన్న నర్సింగ్ హోంలో రెండు గంటలు గడిపి వచ్చారు. దారిలో ఊపిరి సరిగ్గా ఆడిందో లేదో ఎవరికీ తెలియదు. నీ ఎలుక ఏనాడూ ఆటోలో తల వేలాడేసుకుని రాలేదు తల్లీ.

కాబట్టి నేను నీ గైడ్‌నైతే ఇవి అడుగుతాను. ముసలి ఎలుకల్లో చూశావా? ఆడవాటిలో? మందు నాలుగు గంటలు ఆలస్యమైతే ఏమవుతుంది? బీపీ పడిపోయిన ఎలుకకు ఇస్తే? తొట్టె దగ్గర టైము చూసేవాళ్లకు ఏ ఎలుకకు ఏ మందు పడిందో తెలుసా? అది నువ్వే అయితే వెంటనే మాను. నీ మీద అనుమానంతో అనడం లేదు. మందు గెలవాలని కోరుకునే కన్ను స్టాప్‌వాచ్‌ను అరక్షణం ముందే నొక్కుతుంది. ఇంకొక ఊళ్లో ఇంకొక ల్యాబులో, నీ పేరు కూడా తెలియనివాళ్లు చేస్తే ఇదే వస్తుందా? అమెరికాలో ఆ పని చేశారు. ఒకే మందును వేర్వేరు ల్యాబుల్లో, మూడు రకాల దెబ్బల మీద, ఒకే పద్ధతిలో పరీక్షించారు. పేరున్న మందులు కూడా ఆ జల్లెడలో చాలావరకు జారిపోయాయి, కాస్త నిలబడింది మూర్ఛకు వాడే లెవెటిరాసెటామ్. నీ మందును అలాంటి జల్లెడలోకి నువ్వే తీసుకెళ్లు.

నిలబడిన మందు కథ కూడా ఒకటి చెప్తాను. జపాన్‌లో ఉటాకో ఒకమోటో అనే ఆవిడ, భర్త షోసుకేతో కలిసి 1962లో ట్రానెక్సామిక్ యాసిడ్‌ను కనిపెట్టింది. కాన్పులో రక్తం పోయి చనిపోయే తల్లుల కోసం ఆవిడ తపన. పాపను చూసుకునేవాళ్లు లేక వీపున కట్టుకుని ల్యాబులో పనిచేసేదట. కాన్పుల మీద పెద్ద పరీక్ష జరగడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 20,060 మంది తల్లుల మీద చేసి 2017లో ఫలితం చెప్పారు. రక్తస్రావపు మరణాలు తగ్గాయి. అంతకు ముందు ఏడాదే ఆవిడ తొంభై ఎనిమిదో ఏట కన్నుమూసింది. తర్వాత అదే మందును తల దెబ్బల మీద చూశారు, క్రాష్-3 అని. 12,737 మంది. 2019లో వచ్చింది. మూడు గంటల్లోపు ఇచ్చినవాళ్లలో తల దెబ్బ వల్ల పోయినవాళ్లు నూటికి 18.5, ఉత్తుత్తి మందు పడ్డవాళ్లలో 19.8. మొత్తం మీద చూస్తే గట్టిగా చెప్పలేని తేడా. కానీ దెబ్బ మరీ తీవ్రం కానివాళ్లలో 7.5 నుంచి 5.8కి దిగింది. తీవ్రమైనవాళ్లకు లాభం లేదు. ఆలస్యమైనకొద్దీ పనితనం తగ్గిపోయింది. ఆ మందు కణాన్ని కాపాడదు, చూశావా? రక్తం గడ్డను కరగనివ్వదు, లోపల రక్తం కారడం తగ్గిస్తుంది, అంతే. కణం తన్ను తాను కాపాడుకుంటుంది.

నాకు కణాలను కాపాడటం నేర్పింది మందులు కావు, రాత్రి డ్యూటీ సిస్టర్ ఒకావిడ. రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పేది. తలవైపు మంచం ఎత్తి ఉందో లేదో చూసేది. గొంతులో గురగుర వినపడితే డాక్టరు కోసం ఆగేది కాదు. సక్షన్ పైపు వేసి, కఫం తీసి, శాచ్యురేషన్ నంబరు తొంభై అయిదు దాటేదాకా ఆక్సిజన్ మాస్కు తన చేత్తోనే పట్టుకుని నిలబడేది. బీపీ తొంభైకి దిగుతోందంటే నన్ను నిద్ర లేపేది. విసుక్కున్నా లేపేది. అమెరికాలో 717 మంది తీవ్రమైన తల దెబ్బల రోగుల లెక్కలు తీసి 1993లో రాశారు, బీపీ ఒక్కసారి తొంభై కిందికి పడినవాళ్లలో మరణాలు రెట్టింపని. ఆవిడ ఆ వ్యాసం చదవలేదు. నేను చదివిన మందులన్నీ కలిసి చెయ్యలేని పని ఆవిడ చేసింది. నీ పేపర్లలో ఆక్సిజన్, బీపీ ఒక లైనులో అయిపోతాయి, "మామూలు చికిత్స ఇచ్చాం" అని. ఆ మామూలు చికిత్స అందరికీ సమంగా అందిన వార్డులోనే నీ మందు సంగతి నిజంగా తేలుతుంది. అది అందనిచోట ఎంత గొప్ప మందైనా వృథాయే.

వార్డుదాకా రాకముందే పోయే కణాల సంగతి మరీ బాధ. పడిపోయినవాణ్ణి చూడగానే మనవాళ్లు మొదట చేసే పని నోట్లో నీళ్లు పొయ్యడం. స్పృహ లేనివాడు మింగలేడు, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ప్రేమతోనే పోస్తారు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలయ్యాక, దారిలో ఆక్సిజన్ పెట్టుకుని వచ్చేవాళ్లను మొదటిసారి చూశాను. అంతకు ముందు వచ్చినవాళ్ల పెదాల రంగు, తర్వాత వచ్చినవాళ్ల పెదాల రంగు వేరు. ఇదీ నా కంటి లెక్కే, దీన్నీ ఎవరైనా కొలిస్తేనే నమ్ము. ఇప్పుడు రోడ్డు మీద సాయం చేసినవాణ్ణి ఇబ్బంది పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలోనే రాశారు. అయినా జనం ఫోన్ తీసి వీడియో తీస్తారు గానీ ముట్టుకోరు.

అన్నట్టు మీ నాన్న హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించుకుని తిరుగుతున్నాడట, మొన్న మీ పిన్ని చెప్పింది. నా మాట వినడు, నువ్వు చెప్పు. 2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో హెల్మెట్ లేక రోడ్డు మీద పోయినవాళ్లు యాభై వేల పైచిలుకు. తల దెబ్బ ప్రమాదాన్ని నూటికి అరవై తొమ్మిది పాళ్లు తగ్గించే వస్తువు అది. అంత పనిచేసే మందు నీ ల్యాబులో తయారైతే నేను వీధి వీధికీ మైకు పెట్టి చెప్తాను.

సంక్రాంతికి నాలుగు రోజులు ముందే రా. పెద్దమ్మ అరిసెల పాకం పట్టే రోజు నువ్వుండాలట. వచ్చేటప్పుడు నీ నోటు పుస్తకం తీసుకురా, గ్రాఫులు కాదు, రోజువారీ రాసుకున్న పుస్తకమే. నీ ఉత్తరంలో ప్లాట్‌ఫాం ఎక్కిన ఎలుక గురించి పేజీన్నర ఉంది. ఎక్కలేనివి కూడా ఉండే ఉంటాయి. మందు పడినా అంచుల వెంట తిరిగి తిరిగి అలిసిపోతే మీరు చేత్తో తీసినవి, పరీక్షదాకా రాకుండానే చచ్చిపోయినవి. వాటి మాట ఒక్క ముక్క లేదు. అవెన్ని? వాటికి ఎన్ని గంటలకు మందు పడింది? కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.

ఉంటాను,
పెదనాన్న